ఆపితే మళ్ళీ లేస్తుందా

విజయవాడ భవానీపురంలో హేమ ఇంటికి తాళం వేసి మెట్లు దిగిందంటే, మళ్ళీ ఎక్కుతుందని ఆ వీధిలో అందరికీ తెలుసు. గ్యాస్ కట్టానా లేదా అని ఒకసారి, ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీశానా లేదా అని ఇంకోసారి. కింది వాటాలో ఉండే ఇంటావిడ ఆమె మొదటిసారి దిగినప్పుడు పలకరించదు, ఎలాగూ వెనక్కి పోతుంది కదా అని. రెండోసారి దిగాకే, ఇవాళేం కూర వండావమ్మా అంటుంది. పెళ్ళయిన కొత్తలో భర్త గంగాధర్ ఈ వరసకు నవ్వేవాడు. ఇప్పుడు నవ్వడం మానేసి, తనే ముందుగా వెళ్ళి చూసొచ్చి, కట్టే ఉంది పద అంటాడు. అయినా హేమ పైకెక్కి తన కళ్ళతో చూసుకునే దిగుతుంది. అనుమానం పెనుభూతం అని సామెత చెప్పి ఊరుకుంటారు గానీ, ఆ భూతంతో కాపురం చేసేవాళ్ళ కష్టం ఎవరికి పట్టింది!

అలాంటి మనిషికి దొరక్క దొరక్క దొరికిన ఉద్యోగం చూడండి. రొయ్యల చెరువులకు ఊపిరి అందించే కంపెనీలో సర్వర్ చూసుకోవడం.

రొయ్యకు నీళ్ళలో గాలి కావాలి. పగలు ఎండ ఉన్నంతసేపూ చెరువులోని నాచే ఆ గాలిని పుట్టిస్తుంది. పొద్దు గూకిందంటే అదే నాచు రొయ్యతో పోటీపడి ఆ గాలిని తానూ తాగేస్తుంది. రాత్రి గడిచేకొద్దీ చెరువుకు ఆయాసం వస్తుంది, తెల్లవారుజాముకు ఊపిరి బిగబడుతుంది. అందుకే ప్రతి చెరువులోనూ నీళ్ళను చిలికే చక్రాల ఫ్యాన్లు ఉంటాయి. అవి ఆగాయా, తెల్లారేసరికి పంటంతా గట్టుకు కొట్టుకొస్తుంది.

ఆ ఫ్యాన్లను కావలసినప్పుడు తిప్పి, అక్కర్లేనప్పుడు ఆపే పని చక్రిగారి కంపెనీది. చక్రి ఉయ్యూరు దగ్గర చెరుకు రైతుల ఇంట్లో పుట్టాడు, ఇంజనీరింగు చదివాడు, భవానీపురంలో మేడ మీద వాటా తీసుకుని ఈ వ్యాపారం మొదలుపెట్టాడు. చెరువు గట్టు మీద ఆయన కంపెనీ పెట్టె ఒకటి ఉంటుంది. నీళ్ళలో గాలి ఎంతుందో అది కొలిచి సర్వర్‌కు చెబుతుంది. సర్వర్ తిప్పమంటే తిప్పుతుంది, ఆపమంటే ఆపుతుంది. సర్వర్ దగ్గర్నుంచి మాటే రాకపోతే, మోటార్లు కాలిపోకుండా ఫ్యాన్లు కట్టేసి కూర్చుంటుంది. ఇక అప్పుడు ఎవరో ఒకరు గట్టు మీదికొచ్చి స్టార్టర్ చేత్తో నొక్కాల్సిందే. ఈ ఆఖరి ముక్కను రైతులు ఎప్పుడో మర్చిపోయారు. పెట్టె వచ్చాక గట్టు మీది పాకల్లో పడుకోవడం మానేసి, హాయిగా ఇళ్ళల్లో నిద్రపోతున్నారు.

అలా నిద్రపోతున్నవాళ్ళలో హేమ తండ్రి రాముడు ఒకడు. కృత్తివెన్ను అవతల ఆయన చెరువుంది. కూతురి కంపెనీ అన్న ఒక్క మాట మీద పెట్టె పెట్టించుకున్నాడు. ఈ వానాకాలం ఆయన చెరువులో రొయ్య బాగా ఎదిగింది, పట్టుబడికి, అంటే పట్టి అమ్మే దశకు, వచ్చేసింది. రొయ్య ఎంత ఎదిగితే గాలి అంత ఎక్కువ తాగుతుంది. హేమకు రోజూ పొద్దున లేవగానే ముందు ఆ చెరువే కళ్ళ ముందు ఆడుతుంది.

ఇక ఆ సర్వర్ సంగతి. దాన్ని మొదట నిలబెట్టినవాడు దుర్గాప్రసాద్ అని, హేమకంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్నతను. అతను ఉద్యోగం మారి హైదరాబాదు వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు హేమకు అన్నీ అప్పగించి, సర్వర్ బటన్ మీద ఎర్ర స్టిక్కరు అంటించి, దాని మీద ‘ముట్టుకోవద్దు’ అని రాసి మరీ వెళ్ళాడు. అప్పట్నుంచీ ఆ యంత్రం ఆగింది లేదు. దసరాకు ఆయుధపూజ చేసేటప్పుడు ఆఫీసులో కంప్యూటర్లన్నీ ఆపి, పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి మళ్ళీ వేస్తారు. సర్వర్‌కు మాత్రం నడుస్తుండగానే బొట్టు పెట్టి దణ్ణం పెట్టేస్తారు. ఏటేటా దాని బొట్టు పెద్దదవుతోంది. బొట్టుతోపాటు దాన్ని ఆపాలంటే భయం కూడా.

ఆపితే మళ్ళీ లేస్తుందా? ఆ ప్రశ్న ఆఫీసులో ఎవరూ పైకి అనరు.

శ్రావణ మాసంలో, సర్వర్లను నడిపించే లైనక్స్‌లో పెద్ద లోపం ఒకటి బయటపడిందనీ, దాంట్లోంచి దొంగలు దూరుతున్నారనీ, వెంటనే అప్‌డేట్ చేసుకోవాలనీ హెచ్చరికలు వచ్చాయి. హేమ ఆ పూటే అప్‌డేట్ ఎక్కించింది. అప్‌డేట్ ఎక్కితే పని అయిపోయినట్టు కాదు. వంటింటి లెక్కలో చెప్పాలంటే, పురుగు పట్టిన బియ్యం డబ్బా ఖాళీ చేసి కొత్త బియ్యం పోశాం, బాగానే ఉంది. పొయ్యి మీద ఉడుకుతున్నవి పాత బియ్యమేగా? సర్వర్‌లో నడుస్తున్న ఒక్కో సర్వీసూ ఒక్కో గిన్నె. దాన్ని ఆపి మళ్ళీ మొదలుపెడితేగాని కొత్త సరుకు దాంట్లోకి రాదు. హేమ ఓపిగ్గా ఒక్కో సర్వీసునూ రీస్టార్ట్ చేసుకుంటూ వచ్చింది. ఒక గిన్నె దించి కడిగి మళ్ళీ ఎక్కించేలోపు మిగతావి ఉడుకుతూనే ఉంటాయి కాబట్టి ఏ చెరువుకూ ఏమీ తెలియలేదు. చక్రి సంతోషించి, అయిపోయింది కదండీ అన్నాడు.

అయిపోలేదు. రెండు మిగిలాయి. ఒకటి కెర్నెల్, అంటే గిన్నెలన్నీ ఆనుకుని ఉన్న పొయ్యి. పొయ్యి మార్చాలంటే మంట ఆర్పాల్సిందే, సర్వర్ మొత్తాన్నీ ఆపి లేపాల్సిందే. లాగిన్ అయిన ప్రతిసారీ తెరమీద ‘సిస్టమ్ రీస్టార్ట్ అవసరం’ అనే వాక్యం ఆమెను పలకరిస్తూనే ఉంది. రెండోది ఇంకా పెద్ద బెంగ. పాత సరుకుతోనే నడుస్తున్న ప్రోగ్రాం ఒకటి జాబితాలో కనిపించింది, దానికి ఏ సర్వీసు పేరూ లేదు. ‘టెస్ట్ టూ’ అని ఉందంతే. ఎవరో చేత్తో మొదలుపెట్టి వదిలేసినట్టుంది. దుర్గాప్రసాద్ ఫోల్డర్‌లో వెతికితే అచ్చం అలాంటివే టెస్ట్, టెస్ట్ టూ న్యూ, టెస్ట్ ఫైనల్ అని ఒకే పోలికతో తోబుట్టువుల్లా కనిపించాయి. ఏది ఏం చేస్తుందో రాసిపెట్టిన పాపాన పోలేదు మహానుభావుడు. హేమ అతనికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మెసేజ్ పెట్టింది. చూసినట్టు గుర్తు వచ్చింది గానీ జవాబు రాలేదు.

దాంతో హేమకు అన్నం సయించడం మానేసింది. ఆపితే ఏమవుతుందో తెలియదు, ఆపకపోతే దొంగలు ఎప్పుడు దూరతారో తెలియదు. దినదినగండం నూరేళ్ళాయుష్షు అన్నట్టుంది ఆ యంత్రం బతుకు, దాంతోపాటు ఆమె బతుకూ. గంగాధర్‌ది కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్‌లో షిఫ్టు పని. మేమైతే బాగా నడిచే యూనిట్‌ను కూడా ఏటా కావాలని ఆపి, విప్పి చూసి, మళ్ళీ లేపుతాం, అదే అలవాటు మాకు అన్నాడతను అన్నం కలుపుకుంటూ. మీకు వెనకాల ఇంకో యూనిట్ ఉంటుంది, నాకు ఉన్నదొక్కటే అని హేమ కసురుకుంది. కసురుకుంది గానీ ఆ మాట ఆమెను పట్టుకుని వదల్లేదు.

ఆ వారంలోనే ఒక గాలివాన రాత్రి కరెంటు పోయింది. తెల్లవారి ఆఫీసుకు వెళ్ళేసరికి వాచ్‌మన్ చెప్పాడు, యూపీఎస్ పెద్దగా ఏడ్చిందనీ, జనరేటరు అందుకునేసరికి దాని ప్రాణం కొడిగట్టిందనీ. ఇంకాస్త ఆలస్యమైతే సర్వర్‌ను ఎవరూ ఆపక్కర్లేకుండా అదే ఆగిపోయేది. అదీ చెరువులు ఊపిరి బిగబట్టే వేళ.

ఆమె నేరుగా చక్రి గదిలోకి వెళ్ళి రీబూట్ చేద్దామని చెప్పింది. యూపీఎస్ సంగతి విన్నాక ఆయన కాదనలేకపోయాడు. కాకపోతే అర్ధరాత్రి, ఎవరికీ తెలియకుండా చేసేయమన్నాడు. ఎక్కడైనా పద్ధతి అదేనన్నాడు. అది నిజమే, సర్వర్ల ప్రపంచంలో అందరూ చేసేది అదే.

"అర్ధరాత్రి బ్యాంకులకు మంచిదండీ, రొయ్యకు కాదు," అంది హేమ. "లేవకపోతే తెల్లారేలోపు ఏమీ మిగలదు. ఎండగా ఉన్న రోజు మధ్యాహ్నం చేద్దాం. అప్పుడైతే ఫ్యాన్లు తిరక్కపోయినా చెరువు తట్టుకుంటది."

"పగలైతే రైతులకు చెప్పాలి కదండీ," అన్నాడు చక్రి. "స్టార్టర్ల దగ్గర కూర్చోండని చెబితే, మన సర్వర్ లేస్తుందో లేవదో మనకే తెలీదని ఒప్పుకున్నట్టే కదా?"

"తెలీదు కదండీ మరి."

కోప్పడతాడేమో అనుకుంటూనే హేమ అక్కడే నిలబడింది. చివరికి ఆయన నిట్టూర్చి, రైతులకు పంపాల్సిన మెసేజ్ మీరే రాయండి అన్నాడు. ఆయనకూ భయమే పాపం. ఇన్నాళ్ళూ ఎర్ర స్టిక్కరు చాటున దాక్కున్న భయం.

మధ్యాహ్నమైతే చెరువు తట్టుకుంటుందని హేమకు ఎలా తెలుసంటే, తెల్లవారుజాము సంగతి తెలుసు కనక.

ఆమె చిన్నప్పుడు రాముడు సముద్రంలో చేపల వేట మానేసి మొదటిసారి చెరువు కౌలుకు తీసుకున్నాడు. అప్పట్లో ఫ్యాన్లకు డీజిల్ ఇంజను. ఎవరో వాడి వదిలేసింది కొన్నాడు. మొండిది. హ్యాండిల్ వేసి ఎంత తిప్పినా దగ్గేదే గానీ అందుకునేది కాదు. ఒకసారి అందుకుందంటే మాత్రం ఆగకుండా నడిచేది. దాంతో రాముడికి ఒక నియమం పుట్టింది, దాన్ని ఆపకూడదు. నడుస్తుండగానే డీజిల్ పోసేవాడు, నడుస్తుండగానే నూనె చూసేవాడు. పక్క చెరువుల వాళ్ళు, ఒక్కసారి ఆపి శుభ్రం చేసుకోరా అంటే, ఆపితే మళ్ళీ లేవదు అనేవాడు. ఆ మాట ఇంట్లో ఎన్నిసార్లు విన్నదో హేమ.

ఆపకపోయినా ఆగింది. మబ్బు పట్టిన ఒక తెల్లవారుజామున తనంతట తానే ఆగింది. రాముడు అరచేతుల తోలు ఊడేదాకా హ్యాండిల్ తిప్పాడు. హేమ తల్లి అంకాలమ్మ నడుంలోతు నీళ్ళలోకి దిగి బిందెతో నీళ్ళు తోడి పైకి విసురుతూనే ఉంది, ఆ చిలకడంతోనైనా కాస్త గాలి కలుస్తుందని. హేమ అన్నం తినే పళ్ళెం పట్టుకుని ఒడ్డున నీళ్ళను బాదింది. తెలతెలవారుతుంటే రొయ్యలన్నీ గట్టువార చేరి, మీసాలు పైకి పెట్టి, ఒక్కొక్కటే కదలడం మానేశాయి. ఆ తరవాత ఆ ఇంట్లో ఇంజను మాట ఎవరూ ఎత్తలేదు. రాముడు మళ్ళీ కొన్నాళ్ళు సముద్రానికే పోయాడు. హేమ పొయ్యి ఆరిందో లేదో రెండుసార్లు చూడడం అప్పుడే మొదలైంది.

అలాంటి పిల్ల పెద్దయి, చదువుకుని, విజయవాడ వచ్చి, ఆపని ఇంజను ముందే కూర్చుంది. ఎర్ర స్టిక్కరును చూసి రోజూ ఊపిరి పీల్చుకుంది. విధి చేసే ఎగతాళి ఇలా ఉంటుంది.

మెసేజ్‌లు వెళ్ళాయి. ఫలానా రోజు భోజనాలయ్యాక సర్వర్ ఆపి లేపుతున్నాం, దయచేసి స్టార్టర్ దగ్గర మనిషి ఉండాలి అని. రైతులు కొందరు చిరాకుపడ్డారు, కొందరు సరేనన్నారు. ఇంత పెద్ద కంపెనీకి ఇదేం ఖర్మ అని ఒకాయన చక్రిని నిలదీశాడు. రాముడు మాత్రం ఏమీ అడగలేదు. పొద్దుట్నుంచే గట్టు మీద పాకలో కూర్చున్నానని ఫోన్ చేశాడు.

ఆ మధ్యాహ్నం ఎండ పెళపెళలాడుతోంది. హేమ అన్నిటికీ నకళ్ళు తీసుకుంది, నకళ్ళు సరిగా ఉన్నాయో లేదో రెండుసార్లు చూసుకుంది, దుర్గమ్మకు మనసులో మొక్కుకుంది, రీబూట్ కొట్టింది. సర్వర్ లోపలి ఫ్యాను చప్పుడు తగ్గి తగ్గి ఆగిపోయింది. ఆ గదిలో ఆ చప్పుడు లేకుండా ఉండడం ఆమె ఎన్నడూ ఎరగదు. చక్రి గోడకు చేరబడి గోళ్ళు కొరుక్కుంటున్నాడు. కాసేపటికి మళ్ళీ చప్పుడు మొదలైంది. తెరమీద అక్షరాలు పరిగెత్తాయి. సర్వీసులన్నీ ఒకదాని వెనక ఒకటి పచ్చగా లేచాయి. చక్రి ముఖం కూడా పచ్చబడింది. చూశారా, అనవసరంగా భయపడ్డాం అన్నాడు.

హేమ నమ్మలేదు. గ్యాస్ కట్టే ఉందని మొగుడు చెబితేనే నమ్మని మనిషి, తెర చెబితే నమ్ముతుందా? తండ్రి చెరువుకు తిప్పు అని మాట పంపి, ఫోన్‌లో అడిగింది తిరుగుతున్నాయా అని.

"లేదమ్మా. పెట్టె లైటు వెలుగుతుంది గానీ ఫ్యాన్లు కదల్లేదు."

ఇంకో చెరువుకు పంపింది. అదీ అంతే. ఇంకోటి. అన్నీ అంతే. సర్వర్ లేచింది, అన్నీ పచ్చగా ఉన్నాయి, కానీ దాని మాట ఒక్క చెరువుకూ చేరడం లేదు. హేమ జాబితా మళ్ళీ చూసింది. ఆ పేరులేని ప్రోగ్రాం లేదు. అది ఏ సర్వీసులోనూ లేదు కాబట్టి, దాన్ని లేపమని యంత్రానికి ఎవరూ చెప్పలేదు కాబట్టి, అది లేవలేదు. సర్వర్‌కూ చెరువులకూ మధ్య మాట మోసేది అదేనన్నమాట, టెస్ట్ టూ అనే ఆ అనాథ.

ఆ పేరుతో ఫైలు ఫోల్డర్లో ఎక్కడా లేదు, ఎవరో ఎప్పుడో చెరిపేసినట్టున్నారు. ఉన్నవాటిలో పేరు బాగుందని టెస్ట్ ఫైనల్‌ను నడిపి చూసింది. అది తెరనిండా తప్పులు కక్కి చచ్చింది. చక్రికి ఫోన్లు మొదలయ్యాయి. ఆయన ఒక్కొక్కరికీ, స్టార్టర్ చేత్తో వేసుకోండి, సాయంత్రంలోపు బాగుచేస్తాం అని చెబుతున్నాడు. సాయంత్రం అన్నప్పుడల్లా హేమ కిటికీలోంచి ఆకాశం వంక చూస్తోంది. సముద్రం వైపు నుంచి మబ్బు లేస్తోందని తండ్రి అప్పటికే చెప్పాడు.

దుర్గాప్రసాద్‌కు మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి ఎత్తాడు. ఆమె నోరు తెరవకముందే అవతల్నుంచి నెమ్మదిగా, "ఆపారా?" అని వినిపించింది.

ఆపామంది హేమ. అతను అసలు సంగతి చెప్పాడు. మొదటి చెరువు మొదలైన రోజు, రైతులందరూ చూస్తుండగా, హడావిడిగా ఆ ప్రోగ్రాంను చేత్తో నడిపాడట. రేపు సరిగ్గా పెడదాం అనుకున్నాడట. రేపటికి చెరువులు పెరిగాయి, ఆపితే ఏమవుతుందో అన్న భయం పట్టుకుంది, ఆ రేపు రానే లేదు.

"ఉద్యోగం మానేశాను గానీ ఆ భయం మానలేదండీ," అన్నాడు. "విజయవాడ నంబరు కనిపిస్తే చాలు చేతులు చల్లబడేవి. అందుకే ఎత్తలేదు. తప్పే."

హేమకు ఒళ్ళు మండింది. నాలుగు మాటలు అనాలనే నోరు తెరిచింది. కానీ ఆ గొంతులో వణుకు ఆమెకు బాగా తెలిసిన వణుకే. తిట్టడం మానేసి, ఏది అసలుదో చెప్పండి అంది. అతనికీ గట్టిగా గుర్తులేదు. ఫైనల్ అని పేరు పెట్టింది మాత్రం కాదు, దాన్ని సగంలో వదిలేశాను అన్నాడు. ఇద్దరూ ఫోన్ చెవికి ఆనించుకుని తక్కిన ఫైళ్ళు వరసగా చదివారు. కొత్తది అనుకున్నదాంట్లో చెరువుల పెట్టెల చిరునామాలు తప్పుగా ఉన్నాయి. పాతదాంట్లో సగం చెరువులే ఉన్నాయి. రెండిట్లోంచీ సరైన ముక్కలు ఏరి ఒకటిగా కుట్టేసరికి కిటికీ బయట వెలుగు బూడిద రంగుకు తిరిగింది. హేమ దానికి ఒక సరైన పేరు పెట్టి, దాన్ని సర్వీసుగా రాసి, సర్వర్ లేచినప్పుడల్లా దీన్నీ లేపు అని యంత్రానికి ఆజ్ఞ పెట్టి, నడిపింది.

చక్రి ఫోన్‌లో ఎవరో రైతు, తిరుగుతున్నాయండీ అని చెప్పడం గదంతా వినిపించింది. తరవాత ఇంకొకరు. తరవాత రాముడు.

చక్రి కుర్చీలో కూలబడి ముఖం తుడుచుకున్నాడు. "అమ్మయ్య. ఇక దాన్ని ముట్టుకోకండి హేమగారూ."

ముట్టుకోవద్దు. సరిగ్గా ఎర్ర స్టిక్కరు మీద ఉన్న మాటే. హేమ తెర వంక చూసింది. ఇప్పుడు నడుస్తోంది, నిజమే. కానీ ఇప్పుడు నడుస్తున్నది కూడా తన చేత్తో మొదలుపెట్టిందేగా? దుర్గాప్రసాద్ వదిలిపెట్టిన చోటే తనూ వదిలేస్తోంది. సర్వర్ మళ్ళీ ఆగితే ఇది తనంతట తాను లేస్తుందో లేదో చూసిందెవరు? చూడాలంటే ఇంకోసారి ఆపాలి. ఈసారి ఎండ లేదు. మబ్బు కమ్మింది, పొద్దు వాలుతోంది, చెరువుల్లో గాలి తగ్గడం మొదలైంది, నిజంగానే ఫ్యాన్లు కావాల్సిన వేళ. రేపటికి వాయిదా వేయొచ్చు. రేపు ఎండ రావచ్చు. ఈ రాత్రి యూపీఎస్ మళ్ళీ ఏడవనూ వచ్చు. రేపు అనే మాట ఎంత తీయగా ఉంటుందో ఇందాకే విన్నది.

ఆమె తండ్రికి ఫోన్ చేసింది. అడగడానికి కాదు, ఏదో ఒక గొంతు వినడానికి.

"నాన్నా, తిరుగుతున్నాయి కదా. మళ్ళీ ఒకసారి ఆపి చూడాలి. నాకు చేతులాడటం లేదు."

ఫోన్‌లో ఫ్యాన్లు నీళ్ళు చిలికే చప్పుడు మాత్రం వస్తోంది.

"మన ఇంజనుందే," అన్నాడు రాముడు చివరికి. "ఆ రోజు అది చెడిపోయి ఆగలేదే అమ్మాయ్. డీజిలు గొట్టంలో చెత్త అడ్డుపడింది, అంతే. పొద్దెక్కాక విప్పి చూస్తే చిటికెలో బయటికొచ్చింది. ముందురోజు మజ్జానం ఒక్కసారి ఆపి చూసుకునుంటే దొరికిపోయేది. భయపడి ఆపలేదు నేను."

ఇన్నేళ్ళలో ఆయన ఈ మాట అంకాలమ్మతోనైనా అన్నాడో లేదో హేమకు తెలియదు.

"ఆపు," అన్నాడు రాముడు. "స్టార్టర్ దగ్గరే ఉన్నా."

చక్రి వద్దు వద్దంటూ లేచాడు. హేమ ఆయన వైపు తిరిగి, రైతులను ఎవర్నీ ఇళ్ళకు పోవద్దని చెప్పండి, ఇది చూడకుండా నాకు ఈ రాత్రి గడవదు అంది. ఆయన ఒక క్షణం ఆమెను చూసి, మారు మాట్లాడకుండా ఫోన్ అందుకుని వరసగా అందరికీ చెప్పడం మొదలుపెట్టాడు. అందరికీ చెప్పడం అయ్యాక హేమ రీబూట్ కొట్టింది.

సర్వర్ చప్పుడు ఆగింది. కొంచెం తరవాత, చెవి దగ్గరున్న ఫోన్‌లో నీళ్ళ చప్పుడూ ఆగింది. అక్కడ గాలి వీచడం, దూరంగా కప్పలు అరవడం వినిపించాయి. సర్వర్ చప్పుడు మళ్ళీ మొదలైంది. తెర మీద అక్షరాలు పరిగెత్తాయి. ఆమె కీబోర్డు మీద చేతులు పెట్టలేదు, ఒళ్ళో ముడుచుకుని కూర్చుంది. తనేదైనా నొక్కితే అది మళ్ళీ తను లేపినట్టే అవుతుందని.

"ఇంకా లేదమ్మా," అన్నాడు రాముడు.

ఆమె కళ్ళు మూసుకుంది. మబ్బు పట్టిన ఆ తెల్లవారుజామూ, ఆ పళ్ళెమూ, గట్టువార మీసాలూ వచ్చి ముందు నిలబడ్డాయి.

అప్పుడు ఫోన్‌లో ఎక్కడో ఒక మోటారు మూలిగింది. నీళ్ళు ఒక్కసారి ఛళ్ళుమన్నాయి. దాని వెనక ఇంకొకటి, దాని వెనక మరొకటి. చూస్తుండగా చెరువంతా ఒకటే హోరు.

హేమకు అనుమానం వచ్చింది. రాకపోతే ఆమె హేమ ఎందుకవుతుంది?

"నువ్వు నొక్కావా నాన్నా?"

"లేదే," అన్నాడు రాముడు. "చేతులు కట్టుకుని నుంచున్నా."

హేమ ఫోన్ చెవి దగ్గర్నుంచి తీయలేదు. అటు ఆయనా పెట్టేయలేదు. ఇద్దరూ ఏమీ మాట్లాడకుండా ఆ నీళ్ళ చప్పుడు చాలాసేపు విన్నారు.